అట్టతో గిటార్ చేసిన వడ్రంగి

పాత నోకియా ఫోన్ రింగ్‌టోన్ మీకు గుర్తుండే ఉంటుంది. మీ ఫోన్లో కాకపోయినా, నాన్న ఫోన్లోనో బాబాయి ఫోన్లోనో వినే ఉంటారు. ఆ చిన్న ముక్క ఏ కంపెనీ ఆఫీసులోనో పుట్టిందనుకుంటాం. కాదు. స్పెయిన్‌కు చెందిన గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా రాసిన 'గ్రాన్ వాల్స్' అనే రచనలోది. ఈ తారెగా పదహారు పదిహేడేళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడు, 1869లో, మంచి గిటార్ కొనుక్కుందామని సెవిల్ నగరంలో ఒక దుకాణానికి వెళ్లాడు. ఆ దుకాణం నడిపింది ఒక వడ్రంగి. పేరు ఆంటోనియో డి టోరెస్. ఈరోజు మ్యూజిక్ షాపులో మీరు నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ ఏది పట్టుకున్నా, దాని ఆకారం, కొలతలు చాలావరకు ఆయన ఖాయం చేసినవే.

టోరెస్ 1817 జూన్ 13న స్పెయిన్ దక్షిణాన అల్మేరియా దగ్గర పుట్టారు. తండ్రి పన్నులు వసూలు చేసే చిన్న ఉద్యోగి. పన్నెండేళ్లకే కొడుకును వడ్రంగి పనిలో పెట్టారు. అప్పట్లో దేశంలో సింహాసనం కోసం యుద్ధం మొదలైంది. కుర్రాళ్లను పట్టుకెళ్లి సైన్యంలో వేస్తున్నారు. టోరెస్‌నూ తీసుకున్నారు. ఆరోగ్యం బాగోలేదని చెప్పి తండ్రి ఎలాగో విడిపించుకొచ్చారు. మళ్లీ పిలుపు రాకుండా 1835లో హడావుడిగా పెళ్లి చేసేశారు. అప్పటికి టోరెస్‌కు పద్దెనిమిదేళ్లు. ఆ తర్వాత పదేళ్లూ కష్టాలే. ముగ్గురు పిల్లలు పుడితే చిన్నవాళ్లిద్దరూ దక్కలేదు. 1845లో భార్య క్షయతో పోయింది. ఆమెకు ఇరవై మూడేళ్లే. చేతిలో పనుంది కానీ చేతినిండా పనిలేదు. పైగా అప్పులు.

సెవిల్‌కు వెళ్లి సెర్రహెరియా వీధిలో మరో గిటార్ మేకర్‌తో కలిసి దుకాణం పెట్టుకున్నారు. వడ్రంగం చేస్తూనే అడపాదడపా గిటార్లు చేసేవారు. అప్పటికి పేరున్న వాద్యకారుడు హులియన్ ఆర్కాస్ ఆయన పనితనం చూసి, దీన్నే వృత్తిగా పెట్టుకొమ్మని సలహా ఇచ్చారు. 1850ల్లో టోరెస్ పూర్తిగా గిటార్ల మీదకు వచ్చారు. అప్పటికే ముప్పై అయిదు దాటాయి. ఆ వయసులో కొత్త లైన్‌లోకి దిగడమంటే ఇప్పుడైనా ఇంట్లో వాళ్లు ఊరుకుంటారా, చెప్పండి.

ఇక్కడ కాస్త చెక్క గురించి మాట్లాడుకుందాం. గిటార్ పెట్టెకు ముందు పలక, వెనక పలక, వంచిన పక్క పలకలు ఉంటాయి. ముందు పలకకు మెత్తగా, తేలిగ్గా ఉండే స్ప్రూస్ లాంటి చెక్క వాడతారు. వెనకకూ పక్కలకూ గట్టి చెక్క. ఈ గట్టి చెక్కల్లో రాజు రోజ్‌వుడ్. ముదురు గోధుమ రంగులో, నల్లటి గీతలతో, బాగా చేవదేరి ఉంటుంది. కోస్తుంటే గులాబీ లాంటి వాసన వస్తుంది, పేరు అందుకే. బ్రెజిల్ అడవుల నుంచి ఓడల్లో యూరప్ చేరేది. సంపన్నుల బల్లలు, బీరువాలు, పియానోలు అన్నింటికీ అదే కావాలి. ఇప్పటికీ ఖరీదైన విల్లాల్లో, హోటళ్లలో గోడలకు రోజ్‌వుడ్ పొర అతికిస్తే దాని లెక్కే వేరు. కొనేవాడి కన్ను ముందు పడేది ఆ గీతల మీదే. గిటార్ విషయంలోనూ అంతే. ఖరీదైన గిటార్ అంటే రోజ్‌వుడ్ గిటార్, మంచి శబ్దం అంటే రోజ్‌వుడ్ శబ్దం అని జనం నమ్మకం.

టోరెస్ కూడా రోజ్‌వుడ్‌తో గిటార్లు చేశారు. కానీ ఆయన ఎక్కువగా ఆలోచించింది దాని గురించి కాదు. ముందు పలక గురించి. మీటిన తీగ కదలిక బ్రిడ్జి ద్వారా ముందు పలకకు చేరుతుంది. ఆ పలక ఊగితేనే గాలి కదులుతుంది, శబ్దం వస్తుంది. అంటే పలక పలచగా ఉండాలి. మరీ పలచనైతే తీగల బిగువుకు వంగిపోతుంది. ఈ రెండింటి మధ్యే అసలు కష్టం. టోరెస్ పలకను రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కలకు చిత్రిక పట్టి, కాస్త ఉబ్బెత్తుగా వంచి, లోపలి వైపు విసనకర్ర ఆకారంలో ఏడు సన్నటి బద్దలు అతికించారు. విసనకర్ర బద్దల ఆలోచన అంతకు ముందే కాదిజ్ నగరపు పనివాళ్లకు ఉంది. దాన్ని పక్కాగా కుదిర్చింది మాత్రం ఈయనే. పెట్టె సైజు పెంచారు. తీగ పొడవు 65 సెంటీమీటర్లు చేశారు. ఇప్పటికీ క్లాసికల్ గిటార్‌కు అదే కొలత. 1856లో చేసిన 'లా లియోనా' అనే గిటార్ ఆయన పేరు మోగేలా చేసింది. అది రోజ్‌వుడ్ కాదు, స్పెయిన్‌లోనే దొరికే సైప్రస్ చెక్క. 1858లో సెవిల్ ప్రదర్శనలో ఆయనకు కంచు పతకం వచ్చింది.

అయినా జనం నమ్మకం మారదు కదా. అందుకని 1862లో ఆయన ఒక పని చేశారు. ముందు పలక ఎప్పటిలాగే మంచి స్ప్రూస్‌తో, తన పద్ధతిలో బద్దలు వేసి తయారు చేశారు. వెనక పలకకూ, పక్కలకూ చెక్కే వాడలేదు. అట్ట. అవును, మన పుస్తకాలకు వేసే అట్ట లాంటిదే. శబ్దానికి ప్రాణం ముందు పలకలోనే ఉందని చూపించడానికి చేసిన గిటార్ అది. వెనక చెక్కకు అసలు పాత్రే లేదని దీని అర్థం కాదు. గట్టి చెక్క శబ్దం రంగును కొంత మారుస్తుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ పెద్ద ఖరీదు పెట్టేది ఒకచోట, అసలు పని జరిగేది మరోచోట అని ఇంత సూటిగా చూపించినవాళ్లు తక్కువ. ఇంటర్వ్యూలో మీ పని గురించి చెప్పమంటే మాటలు వెతుక్కుంటారు చూడండి, ఈయన ఆ మాటల జోలికే పోలేదు.

ఇప్పుడు మళ్లీ తారెగా దగ్గరికి వద్దాం. గిటార్ కావాలని వచ్చిన కుర్రాడికి టోరెస్ మొదట దుకాణంలో ఉన్న ఓ మామూలు గిటార్ చూపించారు. కుర్రాడు వాయించాడు. అది విన్నాక టోరెస్ లోపలికెళ్లి, 1864లో తనకోసం చేసుకున్న గిటార్ తెచ్చి ఇచ్చారు. దాని వెనకా పక్కలా మేపుల్ చెక్క. అందులోనూ రోజ్‌వుడ్ లేదు. తారెగా దాన్ని ఏళ్ల తరబడి కచేరీల్లో వాయించాడు.

ఇంత పేరొచ్చింది కదా, ఇక టోరెస్ దశ తిరిగిందని అనుకుంటున్నారా? సరిగ్గా అప్పుడే దుకాణం మూసేశారు. గిటార్లతో ఇల్లు గడవలేదు. 1868లో రెండో పెళ్లి చేసుకున్నారు. 1870 ప్రాంతంలో భార్యతో కలిసి అల్మేరియాకు తిరిగి వెళ్లిపోయి, పింగాణీ, గాజు సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. యాభై మూడేళ్ల వయసులో, స్పెయిన్‌లో అందరికన్నా బాగా గిటార్ చేయగలిగిన మనిషి కప్పులు, ప్లేట్లు అమ్ముకుంటూ కూర్చున్నారు. ఆయన జీవితంలో నాకు ఎక్కువగా గుర్తుండిపోయే ఘట్టం ఇదే. మన దగ్గర కెరీర్ గ్యాప్ అనగానే రెజ్యూమెలో ఎలా దాచాలా అని చూస్తాం. ఈయన దాచలేదు. అయిదేళ్ల తర్వాత, 1875లో, కొట్టు పని లేని వేళల్లో మళ్లీ గిటార్లు చేయడం మొదలుపెట్టారు. ఆ గిటార్ల లోపల అతికించిన లేబుల్ మీద ఇది రెండో దశ అని స్పష్టంగా రాసి, వరసగా నంబర్లు వేశారు. ఈరోజు పరిశోధకులు ఆయన వాయిద్యాలను గుర్తుపట్టడానికి మొదటి దశ, రెండో దశ అనే విభజననే వాడతారు.

1883లో రెండో భార్య కూడా పోయింది. ఆ తర్వాత పని వేగం పెంచారు. ఏడాదికి పన్నెండు దాకా చేసేవారు. వయసు మీద పడి చేతులు సహకరించనప్పుడు ఊళ్లో పరిచయమున్న ఓ యువ మతగురువు సాయం చేసేవాడు. అతను చాలా ఏళ్ల తర్వాత రాసిన ఉత్తరం వల్ల ఒక సంగతి తెలిసింది. ముందు పలక దగ్గరి కీలకమైన పని చేసేటప్పుడు టోరెస్ ఎవరినీ దగ్గరుండనిచ్చేవారు కాదు. ఒకసారి విందులో ఓ పెద్దమనిషి, ఈ రహస్యాన్ని మీతోనే తీసుకుపోతారా అని నిలదీశాడట. చెప్పాలన్నా తన వల్ల కాదని, పలక పలచదనం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తెలుస్తుందని, ఆ స్పర్శను ఇంకొకరికి అందించే దారి లేదని టోరెస్ జవాబిచ్చారట. నిజం చెప్పాలంటే ఈ జవాబు నాకు సగమే నచ్చుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే ఒకరిద్దరి వేళ్లకైనా అబ్బేదేమో. ఆయన పేరు నిలబెట్టే శిష్యుడు ఒక్కడూ తయారు కాలేదు. 1892 నవంబరు 19న, 75 ఏళ్ల వయసులో, అల్మేరియాలోనే కన్నుమూశారు.

తర్వాతి తరం ఆయన దగ్గర కాకుండా ఆయన గిటార్ల దగ్గర నేర్చుకుంది. మాడ్రిడ్‌లో మాన్యుయెల్ రామిరెజ్ లాంటివాళ్లు టోరెస్ గిటార్లను పరిశీలించి అదే దారిలో తమవి చేసుకున్నారు.

ఇక రోజ్‌వుడ్ కథ. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేసింది. అమెరికాలోని మార్టిన్ గిటార్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మనవాళ్లు ఇరుగుడు, జిట్రేగు అని పిలిచే చెట్టే అది. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం దాదాపు నిషేధించింది. 2017 జనవరి 2 నుంచి ఆ ప్రజాతిలోని మిగతా రోజ్‌వుడ్‌లన్నీ నియంత్రణలోకి వచ్చాయి. పూర్తయిన సంగీత వాయిద్యాలకు 2019 నవంబరులో సడలింపు ఇచ్చినా, తయారీదారులు మాత్రం వేరే చెక్కలు వెతకడం మానలేదు. మన బొబ్బిలి వీణ ఎప్పటి నుంచో పనస దుంగతోనే పలుకుతోందన్న సంగతి వాళ్లకు తెలుసో లేదో! చెక్క పనిని శాస్త్రీయంగా నేర్చుకోవాలనుంటే, బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ వెబ్‌సైట్‌లో శిక్షణల వివరాలు ఓసారి చూడండి.

టోరెస్ అట్ట గిటార్ ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. చేసి 160 ఏళ్లు దాటింది. ఆ ఊరు వెళ్లే అవకాశం వస్తే, ముందు నుంచి కాకుండా ఒకసారి పక్క నుంచి చూడండి.