తిరుపతి మిషన్ బడి పిల్లాడు
మొన్న హాస్టల్లో ఒకడు నీ దేవుడికి లాజిక్ ఏంట్రా అంటే నాకు కోపమొచ్చింది గానీ జవాబు రాలేదు. అప్పుడే రాధాకృష్ణన్ గారి గురించి చదివా. 1888లో తిరుత్తణిలో, తెలుగింట్లో పుట్టిన ఆయన మన తిరుపతిలోనే లూథరన్ మిషన్ బడిలో చదివారట! తర్వాత వేలూరు, ఆపై మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. బంధువు పాత పుస్తకాలిచ్చాడని ఫిలాసఫీ తీసుకున్నారు (మన బ్రాంచి సెలక్షన్ కూడా ఇంతేగా). అక్కడ మిషనరీ లెక్చరర్లు హిందూమతాన్ని విమర్శిస్తుంటే బాధేసింది, తన నమ్మకం మీద అనుమానమూ వచ్చింది. గొడవకు దిగలేదు, కూర్చుని చదివారు. 1908లో, 20 ఏళ్లకే, వేదాంతంలో నీతి మీద ఎం.ఏ. థీసిస్ రాశారు. దాన్ని మెచ్చుకున్నది ఆ కాలేజీ మిషనరీ ప్రొఫెసర్ హాగ్ గారే. 1936లో, మనం ఇంకా తెల్లదొరల కిందే ఉండగా, ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్ల పిల్లలకు తూర్పుదేశాల మతాలు చెప్పే ప్రొఫెసరయ్యారు. నాకిప్పుడు 19. హాస్టల్లో ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.