భాస్వరం లెక్క తేల్చిన మన డాక్టరు

ఎముక సాంద్రత తెలుసుకునే డెక్సా స్కాన్ రాయగానే చాలామంది ముందుగా అడిగేది దీనికి ఇన్సూరెన్సు వర్తిస్తుందా అని. దాంతోపాటు రాసే కాల్షియం, ఫాస్ఫరస్ రక్తపరీక్షల గురించి పెద్దగా అడగరు, వాటి ఖర్చు తక్కువ కాబట్టి. ఆ ఫాస్ఫరస్ పరీక్ష వెనుక ఓ తెలుగు వైద్యుడి జీవితం ఉంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి పోయాక ఇల్లు గడవడమే కష్టమైంది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకు పిల్లనిచ్చిన మామగారు సాయపడ్డారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే స్ప్రూ వ్యాధి ఆ ఇంటిని కుదిపేసింది. పేగులు ఆహారాన్ని పీల్చుకోలేని జబ్బు ఇది. ముదిరితే రక్తహీనతతోపాటు కాల్షియం, విటమిన్-డి అందక ఎముకలూ బలహీనపడతాయి. సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. తర్వాత సుబ్బారావుకూ అదే జబ్బు వస్తే ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి బతికించారు.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో పొట్టకూటికి ఆసుపత్రిలో బెడ్‌పాన్లు శుభ్రం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ప్రొఫెసర్ ఫిస్కేతో కలిసి కొద్దిపాటి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువన్నమాట. దశాబ్దాలపాటు ప్రపంచమంతా ల్యాబుల్లో ఈ పద్ధతే వాడారు. ఇదే ఆధారంగా కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను వాళ్లు గుర్తించారు.

1940లో లెడర్లీ ల్యాబ్స్‌లో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందైంది. మన తీరంలో బోదకాలు నివారణకు పంచే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబు నుంచి వచ్చిందే. 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో అమెరికాలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రానేలేదు.

డెక్సా ఎముకలో ఖనిజం ఎంతుందో చెబుతుంది. అది ఎందుకు తగ్గిందో చెప్పదు. వయసుతో వచ్చే ఆస్టియోపోరోసిస్‌లో కాల్షియం, ఫాస్ఫరస్ సాధారణంగా మామూలుగానే ఉంటాయి. విటమిన్-డి లోపంతో ఎముక మెత్తబడితే తరచూ తగ్గుతాయి. రెంటికీ చికిత్స వేరు. ఇంకో చిక్కు కూడా ఉంది. 1937లో దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది ఆనాటి నెల్లూరు జిల్లాలోనే. ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కాన్‌లో దిట్టంగా కనిపించినా బలంగా ఉంటుందన్న భరోసా లేదు. అందుకే మీరు తాగిన నీరు ఏ ఊరిదో డాక్టరుకు చెప్పండి.

ఇక బీమా సంగతి. మామూలు పాలసీలు చాలావరకు ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తాయి. డెక్సా ఓపీ పరీక్ష కాబట్టి చాలావాటిలో రాదు. తుంటి విరిగి ఆపరేషనైతే బిల్లు కట్టే కంపెనీ, ఆ ముప్పును ముందే చెప్పే పరీక్షకు కట్టదు. అమెరికాలో మెడికేర్ అర్హులకు రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయిస్తుంది. ఇక్కడా ఆ ఆలోచన రావాలి. ఈలోగా మీ పాలసీలో ఓపీ కవర్, హెల్త్ చెకప్ ఉన్నాయేమో చూడండి. పాత పన్ను విధానంలో ఉంటే ముందస్తు పరీక్షలకు రూ.5,000 వరకు మినహాయింపు ఉంది, రశీదు దాచండి.

65 దాటిన మహిళలు, త్వరగా ముట్లుడిగినవారు, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు, చిన్నపాటి జారుడుకే ఎముక విరిగినవారు బీమా రాదని పరీక్ష మానేయొద్దు. ముందు రక్తపరీక్షలతో మొదలుపెట్టండి. సుబ్బారావు ఇంట్లో జబ్బు పేరు తెలిసినా మందు లేక ప్రాణాలు పోయాయి. మనకు మందులున్నాయి. జబ్బు సకాలంలో తెలియడమే కావాలి.