యూదా పూచీ

హెబ్రీయుల ఆదికాండమునందలి యూదా, యాకోబునకు లేయాయందుఁ బుట్టిన నాల్గవ కుమారుఁడు. 17 ఏండ్ల యోసేపును జంపఁజూచిన సోదరులకు, అమ్మివేయుదమని చెప్పినవాఁ డీతఁడే. వెల 20 తులముల వెండి. నెత్తుటిలో ముంచిన యంగీని జూచి, కుమారుని మృగము దినెనని నమ్మిన తండ్రి యోదార్పునకు లొంగఁడయ్యెను.

పిమ్మట యూదా కుమారులలో ఏరు, ఓనాను ఇరువురును మరణించిరి. మూఁడవవాఁడగు షేలాయును జచ్చునేమో యని వెఱచి, అతఁడు పెద్దవాఁడగువఱకని చెప్పి, వితంతువగు కోడలు తామారును బుట్టినింటికిఁ బంపెను. షేలా పెరిగినను వివాహము జరపఁడయ్యెను. తండ్రి భయమునకు మూల్యము చెల్లించినది ఆ నిరపరాధిని. తుద కామెయే తనకంటె న్యాయవంతురాలని యతఁ డొప్పుకొనవలసివచ్చెను.

కఱవుకాలమున ధాన్యమునకై కొడుకులను ఐగుప్తునకుఁ బంపిన యాకోబు, బెన్యామీనును మాత్రము విడువఁడయ్యెను. అతనిఁ దోడితెమ్మని యచ్చటి యధికారి పట్టుపట్టెను. తాను మరలఁ దీసికొనిరానిచో తన యిద్దఱు కొడుకులను జంపుమని రూబేను పలికెను. మనుమలను జంపి యే తాత యూఱట నొందును? న్యాయస్థానములలో నెన్నో జామీనులను జూచిన మాకు ఇట్టి పూచీ విలువలేనిదిగాఁ దోఁచును. యూదా తన్నుఁ దానే యొడ్డెను. ఇద్దఱు బిడ్డలను గోల్పోయిన యతనికి ముసలితండ్రి భయ మెట్టిదో తెలిసియుండునని మేము తలఁచెదము.

ఐగుప్తులో బెన్యామీను సంచిలో వెండిగిన్నె దొరకెను. తమ్మునికి మాఱుగాఁ దానే దాసుఁడనై యుందునని యూదా యధికారిని వేఁడుకొనెను. వినుచున్నవాఁడు తాము విక్రయించిన యోసేపే యని యతఁ డెఱుఁగఁడు.