ప్రేక్షకులు తిట్టని దుర్మార్గుడు - కీ.శే. రావు గోపాలరావు

దుష్టపాత్ర వేసే నటుడికి ప్రేక్షకులు ఇచ్చే బహుమానం వింతగా ఉంటుంది. నాయకుడికి చప్పట్లు, పూలదండలు దక్కితే ప్రతినాయకుడికి శాపనార్థాలు దక్కుతాయి. ఎంత బాగా నటిస్తే అన్ని తిట్లు. 1872లో కలకత్తాలో 'నీల్ దర్పణ్' నాటకం ఆడినప్పుడు రైతులను హింసించే తెల్లదొర వేషం వేసిన అర్ధేందు శేఖర్ ముస్తఫీ మీదికి ఈశ్వరచంద్ర విద్యాసాగరుల అంతటివారే కోపం పట్టలేక చెప్పు విసిరారనీ, ఆ నటుడు దానినే సన్మానంగా కళ్ళకద్దుకున్నాడనీ కథగా చెప్పుకుంటారు. మన తెలుగునాట సూర్యకాంతం గారి సంగతి సభ్యులకు తెలిసిందే. నిజజీవితంలో నలుగురికీ ప్రేమగా వండిపెట్టే ఆ ఇల్లాలు తెర మీద గయ్యాళి అత్తగా ఎంతగా జీవించారంటే, ఆడపిల్లలకు ఆ చక్కని పేరు పెట్టడానికే జనం వెనుకాడారు.

ఈ ఆనవాయితీని తిరగరాసిన నటుడు కీర్తిశేషులు రావు గోపాలరావు గారు. ఆయన తెర మీద ఎన్ని ఘోరాలు చేయించినా జనం తిట్టలేదు సరికదా, ఆయన మాటలను కంఠస్థం చేసి వీధుల్లో వల్లించారు. అది ఎలా సాధ్యమయింది?

గోపాలరావు గారు 1937 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, కాకినాడ దగ్గరి గంగవరంలో జన్మించారు. మన ఉక్కు కర్మాగారం పక్కనున్న గంగవరం కాదు, నాటి తూర్పు గోదావరి జిల్లాలోనిది. నాటకాల పిచ్చి ఆ ప్రాంతపు నీళ్ళలోనే ఉంది. సూర్యకాంతం గారిది కాకినాడ ప్రాంతమే. ఎస్.వి. రంగారావు గారు నటన నేర్చిందీ కాకినాడ నాటక సమాజాల్లోనే. గోపాలరావు గారు కూడా యువకుడిగా రంగస్థలం మీదనే రాటుదేలారు.

'కీర్తిశేషులు' నాటకంలో ఆయన నటన చూసి ముచ్చటపడిన రంగారావు గారే సినిమా రంగానికి దారి చూపారు. రంగారావు గారు కూడా సినిమాల్లోకి రాకముందు మనలాగే ఉద్యోగి. అగ్నిమాపక శాఖలో చేరి బందరులోనూ, మన పొరుగునున్న విజయనగరంలోనూ పనిచేశారు. కీచకుడికీ, రావణుడికీ కూడా రాజసం తెచ్చిన ఆ మహానటుడి కంట పడటం గోపాలరావు గారి అదృష్టం. గుత్తా రామినీడు గారి దర్శకత్వంలో 1966లో వచ్చిన 'భక్త పోతన'కు ఆయన సహాయ దర్శకుడిగా పనిచేశారు. 1969లో 'జగత్ కిలాడీలు'లో ప్రతినాయకుడి వేషం దొరికింది. అయితే ఆ తొలి రోజుల్లో ఆయన గొంతు సినిమాకు పనికిరాదని వేరొకరి చేత మాటలు చెప్పించిన సందర్భం కూడా ఉంది. నాటకాల్లో పెరిగిన నటుడికి అంతకంటే పెద్ద అవమానం ఏముంటుంది? ఆయన నోరు మెదపలేదు. ఓపిక పట్టారు.

1975లో బాపు గారి దర్శకత్వంలో, ముళ్ళపూడి వెంకటరమణ గారి రచనలో 'ముత్యాల ముగ్గు' విడుదలయింది. ఉత్తర రామాయణాన్ని నేటి కాలానికి తెచ్చిన ఈ చిత్రంలో గోపాలరావు గారిది కాంట్రాక్టరు పాత్ర. డబ్బు పుచ్చుకుని ఒక నిరపరాధి ఇల్లాలి మీద నింద పడేలా చేసి, పచ్చని కాపురం కూల్చడం అతడి పని. కాని అతడు కేకలు వేయడు, మీసం మెలివేయడు. పొద్దున్నే లేచి ఆకాశం అందం చూసి మురిసిపోతాడు. మనిషికి కాస్త కళాభిరుచి ఉండాలని హితబోధ చేస్తాడు. ఆ నోటితోనే తాపీగా, తీయగా, గోదావరి యాసలో దుర్మార్గానికి బేరం కుదుర్చుకుంటాడు.

అప్పటికి మన విశాఖలో ఔటర్ హార్బరు పనులు సాగుతున్నాయి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం ఇంకా రూపు దిద్దుకోలేదు. కాంట్రాక్టరు అనే మాట మన ఊరికి నిత్యవ్యవహారం. వారిలో కష్టించి పనిచేసిన మంచివారే ఎక్కువమంది కావచ్చు. కాని మాటలతో పని నడిపించే పెద్దమనిషి ఎలా ఉంటాడో మన తరానికి బాగా తెలుసు. పౌరాణిక రాక్షసుడిని చూసి భయపడిన ప్రేక్షకుడు ఈ కాంట్రాక్టరును చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టినందుకే నవ్వాడు, చప్పట్లు కొట్టాడు.

చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. అంతకంటే విచిత్రం, ఈ చిత్రపు సంభాషణలే గ్రామఫోను రికార్డుగా వచ్చాయి. పెళ్ళిపందిళ్ళలోనూ, ఉత్సవాలలోనూ పాటలతో పాటు ప్రతినాయకుడి మాటలు మైకుల్లో మోగాయి. ఒకనాడు పనికిరాదన్న గొంతు ఊరూరా వినిపించింది!

ఆ తరువాత ఆయనకు తీరిక లేకపోయింది. 'భక్త కన్నప్ప'లో కపట పూజారి, 'మన వూరి పాండవులు'లో దొర, 'వేటగాడు'లో జంధ్యాల గారి ప్రాసలను ఊపిరి తిప్పుకోకుండా వల్లించిన పాత్ర, 'ఖైదీ'లో పల్లెను పీడించే పెద్దమనిషి. మరోవైపు 'మావూళ్ళో మహాశివుడు'లో సాక్షాత్తూ శివుడి పాత్ర వేస్తే ప్రేక్షకులు ఆయనను అలాగే ఆదరించారు. దుష్టపాత్రలకు పేరుపడిన నటుడు దేవుడి వేషం వేసి మెప్పించడం చిన్న విషయం కాదు. వారి అభిమానం దుర్మార్గం మీద కాదనీ, నటుడి మీదనేననీ దీనివల్ల తెలుస్తున్నది.

ఆయన 1986 నుండి 1992 వరకు రాజ్యసభ సభ్యులుగా ఉన్నారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో ఆయనను సత్కరించింది. 1994 ఆగస్టు 13న, 57 ఏళ్ళకే, కన్నుమూశారు. అదే ఏడాది డిసెంబరులో సూర్యకాంతం గారూ వెళ్ళిపోయారు. ఒకే ప్రాంతం నుండి వచ్చి, ఒకరు తిట్లతో, ఒకరు చప్పట్లతో ప్రేక్షకుల మనసుల్లో నిలిచినవారిని తెలుగువారు ఒకే ఏడాదిలో పోగొట్టుకున్నారు. గోపాలరావు గారి కుమారులు రావు రమేష్ గారు నేడు అదే రంగంలో పేరు తెచ్చుకున్నారు.

దుర్మార్గుడికి చప్పట్లు కొట్టడం తప్పు కాదా అని అప్పట్లో కొందరు పెద్దలు బాధపడేవారు. ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అయితే ఆ హాలులో కాంట్రాక్టరు మాటలకు నవ్వినవారే నిందపడిన ఇల్లాలి కోసం కన్నీరు పెట్టారన్నది మరువరాదు. చెడ్డవాడు కోరలతో, కొమ్ములతో రాడనీ, నవ్వుతూ, కుశలమడుగుతూ, సున్నితంగా మాట్లాడుతూ వస్తాడనీ ఆయన నటన మనకు నేర్పింది. పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు సొమ్ము చూసి అధిక వడ్డీ ఆశ చూపే తీయని నోళ్ళు మన సభ్యుల గుమ్మం ముందుకు ఎన్నిసార్లు రాలేదు? అటువంటివారు తలుపు తట్టినప్పుడు ఆ కాంట్రాక్టరు చిరునవ్వును ఒక్కసారి తలుచుకుంటే చాలు.

నవ్విస్తూనే మనల్ని హెచ్చరించి వెళ్ళిన ఆ మహానటుడి స్మృతికి మన నివాళి.