ఒంటి కాలితో ఐదు వేల కిలోమీటర్లు

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. నెలల తరబడి సాధన చేసిన క్రీడాకారులు కూడా ఒక్కసారి దాన్ని పూర్తిచేస్తే కొన్నాళ్లు విశ్రాంతి తీసుకుంటారు. అలాంటిది ఒక కాలు లేని 21 ఏళ్ల విద్యార్థి రోజుకు సుమారు అంత దూరం చొప్పున 143 రోజులు పరుగెత్తాడు. పతకం కోసం కాదు, పేరు కోసం కాదు. జబ్బుపడిన పిల్లల కోసం. అతనే కెనడా దేశానికి చెందిన టెర్రీ ఫాక్స్.

టెర్రీ 1958 జూలై 28న విన్నిపెగ్ నగరంలో జన్మించాడు. తండ్రి రైల్వేలో పాయింట్స్‌మన్ పని చేసేవాడు. నలుగురు పిల్లల్లో టెర్రీ రెండవవాడు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని పోర్ట్ కొక్విట్లమ్‌లో పెరిగాడు. బడిలో బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం, కానీ మనిషి పొట్టి. ఎనిమిదో తరగతిలో ఏడాది మొత్తం మీద అతనికి ఆడే అవకాశం దొరికింది ఒక్క నిమిషమే! అయినా సాధన మానలేదు. పన్నెండో తరగతికి వచ్చేసరికి స్నేహితుడు డగ్ ఆల్వర్డ్‌తో కలిసి బడిలో ఉత్తమ క్రీడాకారుడి బహుమతి పంచుకున్నాడు. తర్వాత సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

1977 మార్చిలో కుడి మోకాలి నొప్పితో ఆసుపత్రికి వెళ్తే ఎముక క్యాన్సర్ అని తేలింది. ప్రాణం దక్కాలంటే కాలు తీసెయ్యాలన్నారు. అప్పటికి అతని వయసు 18. ఆపరేషన్‌కు ముందు రాత్రి బాస్కెట్‌బాల్ కోచ్ వచ్చి ఒక పత్రిక చేతిలో పెట్టాడు. ఒక కాలు లేని డిక్ ట్రామ్ అనే వ్యక్తి 1976లో న్యూయార్క్ మారథాన్ పరుగెత్తిన సంగతి అందులో ఉంది. టెర్రీ మనసులో విత్తనం పడింది ఆ రాత్రే.

తర్వాత 16 నెలలు కీమోథెరపీ. జుట్టు ఊడిపోయింది. అయితే అతన్ని కుంగదీసింది తన బాధ కాదు, పక్క మంచాల మీద ఉన్నవాళ్ల బాధ. తనకంటే చిన్న పిల్లలు నొప్పితో ఏడవడం చూశాడు. మొన్న పలకరించిన ముఖం ఈ రోజు కనిపించని వార్డు అది. అక్కడే ఇంకో సంగతి కూడా తెలుసుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు అదే జబ్బు వస్తే బతికే అవకాశం నూటికి 15 పాళ్లు మాత్రమే. పరిశోధనల వల్ల అది 50 పాళ్లకు పెరిగింది. అంటే ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన డబ్బుతో జరిగిన పరిశోధనే తన ప్రాణం నిలిపింది. ఆ రుణం తీర్చుకోవాలనుకున్నాడు.

1979లో పరుగు సాధన మొదలుపెట్టాడు. ఎడమ కాలి మీద రెండు గెంతులు, తర్వాత కృత్రిమ కాలుతో ఒక అడుగు. కాలు తీసిన చోట పుండ్లు పడి రక్తం కారేది. ఆ ఏడాది ప్రిన్స్ జార్జ్ పట్టణంలో 17 మైళ్ల పోటీలో పాల్గొని అందరికంటే చివర వచ్చాడు. ఓడిపోయానని అనుకోలేదు, ఇక దేశమంతా పరుగెత్తగలనని అనుకున్నాడు! క్యాన్సర్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఒక కంపెనీ వ్యాను, ఒక కంపెనీ పెట్రోలు, ఒక కంపెనీ బూట్లు ఇచ్చాయి. తమ సరుకుకు ప్రచారం చేయమన్న కంపెనీల సాయం మాత్రం వద్దన్నాడు. యాత్ర పేరుతో ఎవరూ, తాను కూడా, ఒక్క డాలరు లాభం పొందకూడదన్నది అతని నియమం.

1980 ఏప్రిల్ 12న తూర్పు తీరంలోని సెయింట్ జాన్స్‌లో అట్లాంటిక్ నీళ్లలో కృత్రిమ కాలు ముంచి బయలుదేరాడు. పసిఫిక్ తీరం చేరాలన్నది లక్ష్యం. డగ్ వ్యాను నడిపాడు, దారిలో తమ్ముడు డారెల్ కలిశాడు. మంచు, ఎదురుగాలి, ఎండ. మొదట్లో చాలాచోట్ల పట్టించుకున్నవాళ్లే లేరు. కానీ పది వేల జనాభా గల పోర్ట్ ఓ బాస్క్ అనే ఊరు పది వేల డాలర్లు పోగుచేసి ఇచ్చింది. తలకు ఒక డాలరు! దేశంలో ప్రతి ఒక్కరినీ ఒక్క డాలరే అడగాలనే సంకల్పానికి ఆ ఊరు ఊపిరి పోసింది. క్యాన్సర్‌తో కొడుకును పోగొట్టుకున్న ఇసడోర్ షార్ప్ అనే హోటళ్ల యజమాని మైలుకు రెండు డాలర్లు ఇస్తానని ముందుకొచ్చాడు. జూలైలో టొరంటో చేరేసరికి పదివేల మంది స్వాగతం పలికారు. అంటారియోలో, ఇదే జబ్బుతో కాలు పోగొట్టుకున్న పదేళ్ల బాలుడు టెర్రీతో కలిసి చెరువులో ఈదాడు, అతని వెనకాలే సైకిల్ తొక్కాడు. యాత్ర మొత్తంలో టెర్రీని అన్నిటికంటే కదిలించిన ఘట్టం అదే.

సెప్టెంబర్ 1న థండర్ బే దగ్గర దగ్గు, ఛాతీనొప్పి పట్టుకున్నాయి. రోడ్డు పక్కన చప్పట్లు కొడుతున్న జనం ఉన్నంతమేరా పరుగు ఆపలేదు. తర్వాతే వ్యాను ఎక్కాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. అప్పటికి పరుగెత్తింది 5,373 కిలోమీటర్లు, పోగైంది 17 లక్షల డాలర్లు. ఆ వారమే ఒక టీవీ ఛానల్ ఐదు గంటల కార్యక్రమంలో మరో కోటీ ఐదు లక్షలు సేకరించింది. 1981 ఫిబ్రవరికి మొత్తం 2 కోట్ల 41 లక్షలు దాటింది. కెనడా జనాభా కూడా అప్పుడు సుమారు అంతే. తలకు ఒక డాలరు వచ్చేసింది! 1981 జూన్ 28న, 23వ పుట్టినరోజుకు నెల రోజుల ముందు, టెర్రీ కన్నుమూశాడు.

అతని పేరుతో 1981 నుంచి ఏటా పరుగు జరుగుతోంది. ఇప్పటివరకు 85 కోట్ల కెనడా డాలర్లకు పైగా పరిశోధనకు అందాయి. ఈనాడు ఆ జబ్బు వచ్చిన చాలామందికి కాలు తీయకుండానే చికిత్స చేయగలుగుతున్నారు.

మిత్రులారా! నాకిప్పుడు 23 ఏళ్లు. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేనే. టెర్రీ జీవితంలో నన్ను పట్టి ఆపింది అతని పరుగు కన్నా అతని లెక్క. హాస్టల్లో మనం తిన్న అన్నానికీ, కప్పుకున్న దుప్పటికీ, ట్రంకు పెట్టెకీ, కాస్మెటిక్ చార్జీలకీ డబ్బు కట్టిన జనం ఎవరో మనకు తెలియదు. అగ్గిపెట్టె కొన్న కూలివాడు కూడా అందులో ఉన్నాడు. వాళ్లకు మనం తిరిగి ఇవ్వలేం, ముందున్నవాళ్లకు ఇవ్వగలం. మన హాస్టల్లో చదివి వెళ్లిన అన్నలు, ఇప్పుడున్న తమ్ముళ్లు తలా కొంత వేసుకుంటే, బిడ్డను పట్నం ఆసుపత్రిలో చేర్చిన ఒక పేద తల్లికి బస్సు చార్జీలో, మందుల ఖర్చో అవుతుంది. టెర్రీ అవతలి తీరం చేరలేదు. కానీ అతను అడిగిన ఆ ఒక్క డాలరు మాత్రం చేరాల్సిన చోటికి చేరింది.