ఆచార్య హాల్డేను

వంశగౌరవమును గూర్చి మిక్కిలి పలుకు మనము, వంశలక్షణములు తరతరములకు మాఱు తీరును గణితముచే నిరూపించిన హాల్డేను మహాశయుని మఱవరాదు. ఈయన 1892లో ఆక్స్‌ఫర్డునందు జన్మించెను. ఇంగ్లండున యంత్రశాలల మసి కమ్మిన చెట్లపై తెల్లని రెక్కపురుగులు తగ్గి నల్లనివి ప్రబలిన వేగమును 1924లో లెక్కించి, ప్రకృతివరణ మెంత బలవత్తరమో చూపెను. మలేరియా వ్యాపించిన దేశములలో కొన్ని రక్తదోషములు నశింపక నిలుచుటకు, అవి ఆ జ్వరమునుండి కొంత రక్షణ నొసగుటయే హేతువు కావచ్చునని 1949లో సూచించెను.

1957లో స్వదేశమును వీడి కలకత్తా చేరి, పిమ్మట భారత పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరిక ననుసరించి దేహమును దహింపక, విద్యార్థుల యభ్యాసమునకై కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేర్చిరి.

నేడు శాస్త్రజ్ఞులు వేలయేండ్లనాటి యస్థులనుండి డి.ఎన్.ఏ.ను దీసి పూర్వుల వలసలను, కలయికలను తెలిసికొనుచున్నారు. ఫిషరు, రైటు పండితులతోపాటు హాల్డేను కట్టిన గణితమే దానికి పునాది. కలయిక లేని జాతి యరుదని ఆ యస్థులు చాటుచున్నవి. అట్టి శాస్త్రమునకు మూలపురుషుడైనవాని దేహము మన యాంధ్రవిద్యార్థులకు పాఠమయ్యెను. వంశమును గూర్చి గర్వించుటకంటె నేర్చుకొనుట మేలని మేము తలంతుము.