గుంటూరు డాక్టరమ్మగారు – ఆనా సారా కుగ్లరు

పాత మిషను ఆస్పత్రుల కట్టడములను గదులుగా విడదీసి దుకాణములకు అద్దెకిచ్చెడు ప్రస్తావన ఈ రోజులలో సంఘ కమిటీలలో అక్కడక్కడ వినబడుచున్నది. రోడ్డు ప్రక్క స్థలమునకు నెలకెంత అద్దె వచ్చునో లెక్క కట్టుట సులభమే. అట్టి గోడలు ఎట్లు లేచినవో కూడ ఆ లెక్కలో చేర్చవలెనని తలంచి, మా కొండవీడునకు సమీపమున గుంటూరులో ఆస్పత్రి కట్టించిన కుగ్లరు దొరసానిగారి చరిత్రను ఈ శతజయంతి సంచికకు వ్రాయుచున్నాను.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందు, ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించిరి. 1879లో ఫిలడెల్ఫియా స్త్రీల వైద్య కళాశాలలో పట్టము పొంది, నారిస్‌టౌన్ మానసిక రోగుల ఆస్పత్రిలో పనిచేయుచుండగా, ఇండియాలోని రో అను మిషనెరీ వ్రాసిన ఉత్తరము చేరెను. ఇచ్చటి స్త్రీలకు వైద్యురాలు కావలెనని అందలి విన్నపము.

ఆమె సిద్ధపడిరి గాని, పంపవలసిన లూథరన్ స్త్రీల మిషనెరీ సంఘము వైద్యసేవకు ఇంకను సిద్ధపడలేదు. ఘోషాలోనున్న స్త్రీలకు బోధించు పని మాత్రమే ఆమెకు ఒప్పగించిరి. (ఆ మిషనును 1842లో గుంటూరులో స్థాపించిన హయ్యరు దొరగారు సెలవులో స్వదేశమునకు వెళ్ళి వైద్యపట్టము పుచ్చుకొని వచ్చినవారే. ఆ సంగతి వారు మరచిరి కాబోలు.) ఆమె మాత్రము మందుల పెట్టెను విడువలేదు. 1883 నవంబరులో గుంటూరు చేరిరి. పరజాతి స్త్రీ ముట్టినచో మైల యని తలంచెడు కాలమది. అయినను మొదటి సంవత్సరములోనే, తన బసయందును రోగుల యిండ్లయందును కలిపి నాలుగు వందలమందికి పైగా చికిత్స చేసిరి. 1885 చివర గాని ఆమెను వైద్య మిషనెరీగా నియమింపలేదు. ఆ మరుసటి సంవత్సరమే డిస్పెన్సరీలు తెరచిరి.

ఆస్పత్రి తలుపులు తెరచుకొనుటకు మరి పదునొకండేండ్లు పట్టెను. సెలవుపై అమెరికా వెళ్ళినప్పుడు కూడ ఆమె విశ్రమింపక దానికి నిధి సమకూర్చిరి. 1897 జూను 23న ఆస్పత్రి ప్రారంభమాయెను. తరువాత నర్సుల శిక్షణ వచ్చెను, పిల్లల వార్డు వచ్చెను, కాన్పుల వార్డు వచ్చెను. 1905లో ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతకమిచ్చెను.

పతకముకంటె నాకు ఎదుటనున్న సత్రము గొప్పగా తోచును. ఏలూరు జమీందారు భుజంగరావుగారి భార్యకు ఆమె చేసిన చికిత్సకు కృతజ్ఞతగా వారు కట్టించినదది. రోగులతో వచ్చు హిందూ బంధువులు తమ ఆచారము చెడకుండ వండుకొని తినుటకు అందు వసతి కల్పించిరి. క్రైస్తవ ఆస్పత్రికి ఎదురుగా, క్రైస్తవుడు కాని దాత, క్రైస్తవులు కాని వారికొరకు కట్టిన కట్టడము! అట్టిదానికి అద్దె ఎంతని నిర్ణయించగలము?

దాదాపు నలుబదియేడేండ్లు సేవచేసి, 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. తరువాత ఆ ఆస్పత్రికి ఆమె పేరే పెట్టిరి. మా పల్లెల పెద్దలు మాత్రము ఎవరైనను జబ్బుపడినయెడల కుగ్లరుకు తీసికొనిపొమ్మనెడివారు. అది ఒక మనిషి పేరని వారిలో చాలమందికి తెలియదు.